బొమ్మల కొట్టంలో నా బిడ్డ

పోయిన నెల ఒక పొద్దున, ఆళ్లగడ్డలో మా పని కాడ కూసోని రాతిబొమ్మకు నునుపు రుద్దుతాండా. నంద్యాల నుంచి చిన్నోడు ఫోన్ చేసినాడు. "మా, అక్క లేదు మా" అన్నాడు. "లేకపోతే యాడికి పోతాదిరా, ఆసుపత్రిలోనే గదా ఉండేది" అన్నా. వాడు ఏడ్చినాక గాని నాకు తలకెక్కలే. నాలుగు రోజుల జ్వరం. నా పెద్దబిడ్డకు ముప్పై ఏండ్లు గూడా నిండలే.

నేను మూడో తరగతి కాడికే చదివినా. మరిచిపోయిన అక్షరాలు నాకు మళ్లీ నేర్పింది ఆ బిడ్డే. "నీకొచ్చిన మాటలే రాయి మా, తెలియని మాట కోసం ఆగొద్దు" అనేది. అట్లనే రాస్తాండా. ముందు నేను చేసిన పని చెప్పాల. అది దాచిపెట్టి నా బిడ్డ గురించి ఎన్ని మంచి మాటలు రాసినా అబద్ధమే.

అప్పుడు దానికి ఏడేండ్లు. చిన్నోడు చంటోడు. వాళ్ల నాయన బొమ్మలు లారీకెత్తుకోని పొరుగూరు పోయినాడు. పొద్దున్నే చిన్నోనికి ఫిట్స్ వచ్చినాయి, నోట్లో నురగ. నంద్యాలకు ఎత్తుకపోవాల. వీధిలో అందరూ పనులకు పోయినారు. ఎదురుగా లారీలు తిరిగే రోడ్డు, పాపను ఒక్కదాన్నే ఎట్ల ఇడిసేది? మా ఇంటికి తాళం లేదు, బొమ్మలు పెట్టే కొట్టానికే ఉండేది. దాన్ని అందుట్లోకి తోసి, చెంబుడు నీళ్లు, గుప్పెడు బొరుగులు పెట్టి తాళం ఏసినా. కిటికీ లేని కొట్టం. చుట్టూ ఇంకా కండ్లు చెక్కని బొమ్మలు. "ఇప్పుడే వస్తా" అన్నా. వచ్చేసరికి పొద్దు గూకింది.

చిన్నోడు బతికినాడు. బిడ్డకు మాట పోయింది. ఏడాది నోరు తెరవలే. గాలికి తలుపు కొట్టుకుంటే నిలబడిన చోటే ఉచ్చ పోసుకునేది. "పాపకు ఏమైందే?" అని వాళ్ల నాయన అడిగితే "దడుసుకునింది" అన్నా. అంతే చెప్పినా. తాయెత్తు కట్టించినా, దర్గా కాడ ఊదించినా.

బళ్లో ఒక టీచరమ్మ "మాట్లాడకపోతే మానె, రాయి" అని నోటుబుక్కు ఇచ్చింది. ఇంగ చూడండి, రాస్తానే ఉండేది. బియ్యం డబ్బా మింద పెట్టుకోని, బస్సులో మోకాలి మింద పెట్టుకోని. పెన్ను కొరికి కొరికి మూతి నీలంగా ఉండేది. మాట వచ్చినాక గూడా ఇడువలే.

"ఎంతసేపు రాస్తావు మే?"

"భయం అయిపోయేదాకా మా."

"ఇంకా ఎంతుంది?"

"శానా ఉంది. రెండు పెన్నులు తెచ్చుకున్నా" అని నవ్వేది.

ఆ బుక్కులు నేను ఎప్పుడూ తెరవలే. చదవడం రాక గాదు. అందుట్లో నేనుంటానని భయం.

పోయినేడు, కొట్టంలో తాళం ఏసిన ఆ దినం గురించి కథ రాసినానని, దాన్ని సినిమా తీస్తాండామని చెప్పింది. దాని స్నేహితురాలు తీస్తాదంట, అరగంట సినిమా, మా కొట్టంలోనే. "ఈడొద్దు మే, ఇంగ యాడన్నా తీసుకోండి" అన్నా. "ఆ కొట్టమే కావల్ల మా" అంది. తీసినన్ని దినాలు నేను పాణ్యంలో మా చెల్లెలింటికి పోయి కూసున్నా. సినిమాలో అమ్మ ఉందా అని అడగాలని నోటిదాకా వచ్చేది. అడగలే. ఇంగ అడగలేను.

మొన్న నంద్యాలలో ఒక మండపంలో తెర కట్టి చూపించినారు. చిన్నోడు నన్ను చెయ్యి పట్టుకోని తీసుకపోయినాడు. లైట్లు ఆపినారు. నా గుండె కొట్టుకునేది పక్కనోళ్లకు ఇనపడుతాదేమోనని కొంగు అడ్డం పెట్టుకున్నా.

అమ్మ ఉంది. తాళం ఏసింది. జనమంతా నన్నే చూస్తాండారు అనిపించింది. లోపల పాప తలుపు బాదుతాంది. రోంతసేపటికి, తలుపు కింది సందులో రెండు పాదాలు తిరిగొచ్చి నిలబడినాయి.

ఆ పాదాలు నావి. ఆ పొద్దు నేను బస్సు దాకా పోయి, ఉండలేక ఎనక్కి ఉరికొచ్చినా. ఆ మాట నేను ఎవురికీ చెప్పలే. లోపల సద్దు లేకుండె. నిద్రపోయిందనుకోని పోయినా.

తెర మింద పాప నిద్రపోలే. పాదాలను చూసి, రెండు చేతులతో నోరు మూసుకునింది. తను ఏడిస్తే అమ్మ పోదు, తమ్ముడు చస్తాడు. అందుకని ఊపిరి గూడా ఇడువకుండా, పాదాలు పోయేదాకా మూసుకోనే ఉండాది.

ఇన్నేండ్లు నా బిడ్డకు ఇది తెలుసు. నాతో ఒక్క మాట అనలే.

లైట్లేసినాక గూడా కుర్చీలోనే కూసున్నా. సినిమాలో నా బిడ్డ ఏషం ఏసిన పాప పక్కనే నిలబడి పఫ్ తింటాంది. "ఆ చీకట్లో భయం గాలేదా తల్లీ?" అన్నా.

"లే అవ్వా. ఈ కథ రాసిన అక్క లోపల నాతోనే కూసునింది గదా. బొమ్మ ఎనక ఉంటే నీకు కనపడలే. తలుపేసిన ప్రతిసారీ నా గౌను పట్టుకోని కూసునేది."

"అక్కకు భయం గాలేదా?"

"అయింది. అయినా ఇడువలే."

"యాడ పట్టుకునింది?"

"ఇదో, ఈడ." గౌను అంచు ఎత్తి చూపించింది.

నేను ఆ అంచు పట్టుకున్నా. పఫ్ నమిలేది ఆపి, ఆ పాప కదలకుండా అట్లనే నిలబడింది.