పన్ను పీకించుకోబోతే మీసం పోయింది

చిన్న ముచ్చట. రెండు నిమిషాల్లో చెప్పేస్తాను, మీ చాయ్ కూడా చల్లారదు. మొన్న పర్వత్ పాటియా దవాఖానాలో జ్ఞానదంతం పీకించుకోవడానికి పోయి, పన్నుతో పాటు మీసం కూడా పోగొట్టుకుని వచ్చాను. అంతే!

అంతే అంటే, మీసం సంగతి తెలియాలంటే ముందు మా కార్ఖానా సంగతి తెలియాలి. మా ఊరివాళ్లు సగం మంది ఇక్కడే, సూరత్‌లో సాంచాలు నడుపుతున్నారు. కరెంటు మగ్గాలను మేం సాంచాలే అంటాం. నలభై సాంచాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినిపించదు. కాబట్టి మాటలన్నీ చేతులతోనే. చాయ్‌కి ఒక సైగ, దారం తెగితే ఒక సైగ. మనుషుల పేర్లకూ సైగలే. పొట్ట నిమిరితే మల్లేశం. రెండు చెంపలు వాయించుకుంటే కనకయ్య. అతను రోజూ ఫోన్లో పెళ్లాన్ని క్షమాపణ అడుగుతాడు. ఎందుకో మూడు రకాలుగా తెలుసు నాకు, అది ఇంకోరోజు.

ఈ పేర్లన్నీ ఎవరు పెట్టారని అడిగితే అందరూ నావైపే చూస్తారు. నిజమే, నేనే పెట్టాను. నా పేరు మీసం మెలేయడం. అదీ నేనే పెట్టుకున్నాను. మంచి పేరు కావాలంటే ఎవరికి వారే పెట్టుకోవాలి. ఒకసారి పడ్డ పేరు మళ్లీ పోదు.

మా బావమరిది రాజేశానికి పెట్టిన పేరు మాత్రం నా పనితనానికి గుర్తు. కరోనా టీకా క్యాంపులో ముందున్నాయనకు సూది గుచ్చుతుంటే చూసి, వీడు వెనక్కి పడిపోయాడు. సూది ఆయనకు, సొమ్మసిల్లడం వీడికి! మర్నాటి నుంచి రాజేశాన్ని పిలవాలంటే జబ్బ మీద వేలితో పొడుచుకుని, మెడ పక్కకి వాల్చేయాలి. కార్ఖానా అంతా అలాగే పిలిచింది. మా ఆవిడ భాగ్య నాతో రెండు రోజులు మాట్లాడలేదు. తమ్ముడు కదా.

ఇక పన్ను. ఎడమవైపు కింద, చిట్టచివర. వంకరగా మొలుస్తోంది. నాలుగు నెలలు లవంగం పెట్టి నెట్టుకొచ్చాను. చెంప వాచినా మాస్కు కప్పేసింది. ఆ మాస్కు నాకు చేసిన మేలు ఇంకెవరికీ చేసి ఉండదు!

"ఏమయ్యా, ఇంక ఎన్నొద్దులు మూలుగుతవ్? పో, పీకించుకో" అంది భాగ్య.

"ఏ, గీ కరోనల నోరు తెరుస్తరా ఎవలన్న?"

"కార్ఖానల తెరుస్తనే ఉన్నవ్ గదా. తమ్మీ, మీ బావను జర తోల్కపో. నడుమల మల్లొస్తే పట్టుకో."

మధ్యలో వెనక్కి తిరిగొస్తానట! నేను! అదీ, టీకా సూది చూసి పడిపోయినవాణ్ని నాకు కాపలా పెట్టింది. నేను భయపడ్డానని వీడికి తెలిస్తే నా మీసం గంగలో కలిసినట్టే. అందుకని దారంతా ఈల వేశాను. మాస్కు లోపల ఈల సరిగా పలకదు.

దవాఖానా గేటు దగ్గర ఆగాను. నుదుటికి తుపాకీలాంటిది పెట్టి జ్వరం చూస్తారు కదా, జ్వరం ఉంటే వెనక్కి పంపేస్తారు కదా! ఎండలో ఇరవై నిమిషాలు నిలబడ్డాను.

"బావా, నీడకు రారాదు?"

"డి విటమిన్ రా. నీకేం ఎర్క."

తుపాకీ జ్వరం చూపించింది! సంతోషంగా వెనక్కి తిరిగాను. "ఏసీమా బేసో, కాకా. పది నిమిషాలాగి మళ్లీ చూస్తా" అంది గుజరాతీ నర్సు. ఏసీలో కూచోమంటోంది. కాకా, అంటే బాబాయ్, అన్న మాటకు సగం జ్వరం దిగింది, ఏసీకి మిగతా సగం.

డాక్టరమ్మ మన తెలుగామే, విజయవాడ వైపు. నెత్తి నుంచి కాళ్లదాకా తెల్లటి కిట్టు, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. "ఏం భయంలేదండీ. మత్తిస్తాను, నొప్పి తెలియదు. ఏమైనా ఇబ్బందిగా ఉంటే ఎడమ చెయ్యి ఎత్తండి, వెంటనే ఆపేస్తాను" అంది. రాజేశాన్ని అద్దం తలుపు బయట స్టూలు మీద కూచోబెట్టారు. మిషన్ల చప్పుడుకి లోపలి మాట వాడికి వినపడదు, మనిషి మాత్రం కనిపిస్తాడు.

నేను కళ్లు మూసుకున్నాను. సూదికి ముందే మూశాను, మళ్లీ తెరవలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

చెంప మొద్దుబారింది. ఏదో గిర్రున తిరిగింది, ఏదో జుర్రున పీల్చింది. అచ్చం సాంచాల చప్పుడే! ఇవన్నీ ముందస్తు ఏర్పాట్లు కాబోలనుకున్నాను. ఎంతసేపటికీ అసలు పని మొదలు కావడం లేదు. పీకబోతున్నారు, పీకబోతున్నారు అని ఎదురుచూడడం ఉందే, అది పీకడం కంటే ఘోరం! ఇక తట్టుకోలేక, ఎప్పుడు మొదలుపెడతారో అడుగుదామని ఎడమ చెయ్యి ఎత్తాను. నిటారుగా.

ఒక్కసారిగా మూసిన రెప్పల మీది వెలుగు కూడా ఆరిపోయింది. చప్పుళ్లన్నీ ఆగిపోయాయి.

ఆగిపోలేదు, ఒకటి మిగిలింది. సన్నగా, దూడ అరిచినట్టు "ఆఁ... ఆఁ..." అని. ఎవరబ్బా అని చూద్దును కదా, నేనే. ఎప్పటి నుంచి అరుస్తున్నానో మరి. బయట వరుసలో కూర్చుని విన్నవాళ్లలో ముగ్గురు మేముండే నవాగామ్ గల్లీవాళ్లు.

జరిగింది ఇది. మా కార్ఖానాలో ఎవరైనా చెయ్యి నిటారుగా ఎత్తారంటే మనిషి సాంచాలో ఇరుక్కున్నాడని. చూసినవాడు ఉరికి మెయిన్ ఆపెయ్యాలి. అడగొద్దు, ఆలోచించొద్దు. రాజేశం పనిలో చేరిన రోజు వీపు మీద ఒక్కటి వేసి మరీ నేర్పింది నేనే. కరెంటు బోర్డు వాడి స్టూలు పక్కనే ఉంది.

డాక్టరమ్మ ఫోన్ లైటు వేసింది. "చెయ్యెందుకు ఎత్తారండీ? పన్ను వచ్చేసి అయిదు నిమిషాలైంది. కుట్టు కూడా వేసేశాను."

కళ్లు తెరిస్తే పళ్లెంలో పన్ను కనిపించింది. గులకరాయంత ఉంది.

అంతలో రాజేశం లోపలికి దూకాడు. "బావా! ఏడ ఇరుక్కున్నవ్?"

చెప్పడానికి నోట్లో దూది. డాక్టరమ్మ గంట దాకా తీయొద్దంది, రెండు రోజులు ఎక్కువ మాట్లాడొద్దంది. నాకు! ఊళ్లో ఏం జరిగినా ముందు నా నోటి నుంచే రావాలి కదా. నా కథే నాకంటే ముందు ఇల్లు చేరేలా ఉంది! మెట్ల మీద రాజేశం చెయ్యి నా నెత్తిన పెట్టించి, సైగలతోనే ఒట్టు వేయించుకున్నాను, ఈ ముచ్చట మీద నోరు తెరవనని.

వాడు ఒట్టు తప్పలేదు. మర్నాడు కార్ఖానాలో నోరే తెరవలేదు. నలభై సాంచాల చప్పుడులో, చేతులతో చెప్పాడు. ఎండలో నిలబడడం, కళ్లు మూసుకోవడం, చెయ్యి ఎత్తడం, దూడ అరుపు, అన్నీ. ఇంత బాగా చెప్పడం వీడికి ఎవరు నేర్పారా అనుకున్నాను. అదీ నేనే.

సాయంత్రానికి నా పేరు మారిపోయింది. చెంప మీద కుడి చెయ్యి, పైకి ఎడమ చెయ్యి. అలా పిలిస్తే రెండుసార్లు ఎవరో పోయి మెయిన్ ఆపేశారు. సేఠ్ కేకలేశాడు. ఇప్పుడు చెంప ఒక్కటే.

మనిషి ఇరుక్కున్నాడని ఉరికి మెయిన్ ఆపినవాడు కదా, రాజేశాన్ని పిలిచే మెడ వాల్చే సైగను అందరూ వదిలేశారు. మీసం మెలేస్తే ఇప్పుడు రాజేశం వస్తాడు.

రాజేశానికి మీసం లేదు.