కొత్త సింకులో మొదటి బియ్యం

మా ఎల్బీనగర్ ఇంట్లో వంటగది సింకు ఇనుప రేకు కప్‌బోర్డు మీద కూర్చుని ఉండేది. ఏళ్ల తరబడి తడికి రేకు తుప్పుపట్టి, ఓ పొద్దున కప్‌బోర్డు అడుగు ఊడిపోయి, సింకు ఓ పక్కకి ఒరిగింది. కొత్తది కొనాలంది అమ్మ. నాన్న గయ్యిమన్నారు.

“తెలంగాణ వస్తే మనల్ని ఉండనిస్తారో లేదో! ఇల్లమ్మేసి గుంటూరు పోదామని నేననుకుంటుంటే, ఇప్పుడు సింకెందుకే?”

“పోయేదాకా అంట్లు కడుక్కోవాలిగా,” అంది అమ్మ. దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి, స్టీలు సింకు ఆటోలో వేసుకుని వచ్చేసింది. మా అమ్మతో వాదించి గెలిచినవాళ్లు లేరు లెండి.

ప్లంబరు పాతదాన్ని పెకలించిన రోజే మా చౌరస్తాలో వంటా వార్పు. ఉద్యమం కోసం జనమంతా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని తినేవాళ్లు. పక్కింటావిడది నల్గొండ దగ్గర పల్లె. హడావిడిగా వచ్చి, వాకిట్లో పడేసిన పాత సింకు చూసింది.

“వదినా, గా సింకు జర ఇయ్యరాదు? బియ్యం కడగనీకి గిన్నెలు సాల్తలెవ్వు.”

“అయ్యో రామ! ఎంగిలి కంచాలు కడిగినదాంట్లో పదిమంది తినే బియ్యమా?” అమ్మ గబగబా లోపలికెళ్లి, అట్టపెట్టెలోంచి కొత్త సింకు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. “అడుగు చిల్లికి శుభ్రమైన గుడ్డ కుక్కుకో వదినా.”

నాన్న ఖాళీ అట్టపెట్టెలోకి తొంగిచూశారు.

కాసేపటికి నేనూ చౌరస్తాకి వెళ్లాను. అబ్బ, ఏం చెప్పను! మామూలు రోజుల్లో లారీలు మమ్మల్ని దాటనివ్వని విజయవాడ హైవే మీద కనుచూపు మేర పొయ్యిలే. అంత పెద్ద రోడ్డూ ఒక్క వంటిల్లయిపోయింది. నడిమధ్యన మా సింకు, దాన్నిండా తెల్లటి కడుగునీళ్లు. నాకంటే ముందే ఎప్పుడొచ్చిందో, కుచ్చిళ్లు దోపుకుని బియ్యం కడుగుతోంది అమ్మ. రోజూ నన్ను కాఫీ గ్లాసు కడగమని సతాయించే మనిషేనా ఈవిడ అనిపించింది.

మధ్యాహ్నం పక్కింటావిడ సింకు తిరిగి తెచ్చింది, గిన్నెడు అన్నం, పప్పుచారుతో సహా.

“అన్నా, జర తినుర్రి. మీ సింకుల కడిగిన బియ్యమే. గింత మంచి సింకు పెట్టుకుంటున్నరు, ఇగ ఏడికి పోతరు?”

నాన్న తలవంచుకుని తిన్నారు. మారు వడ్డించమన్నారు కూడా. ప్లంబరు రోడ్డు మీద తినొచ్చి అప్పుడే పనిలోకి దిగాడు. నాన్న ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే అతని పక్కనే నిలబడ్డారు.

“గట్టిగా బిగించవయ్యా,” అన్నారు. “మళ్లీ ఊడదీసేది లేదు.”