గంగులమ్మ పెద్దమ్మ తిన్న కండ

మా గంగులమ్మ పెద్దమ్మలాగా ఉప్పుకండ చేసే మనిషి పెనుకొండ చుట్టుపక్కల ఇంకొకరు లేరు. సొంత మనిషి కాబట్టి పొగుడుతోందని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి, నాకేం నష్టం లేదు. తిన్నవాళ్లకు తెలుసు.

పెద్దమ్మ అంటే మా నాయన నరసప్పకు వదిన, అన్న భార్య. పెళ్లయిన ఆరేళ్లకే మొగుడు పోయాడు. పిల్లల్లేరు. ఆయన పోయిన రోజు నుంచి ఆమె మాంసం నోట పెట్టలేదు. అయినా మా ఇంట్లో పొట్టేలు కోస్తే కండ చేసే పని మాత్రం ఆమెదే.

ముందు కొవ్వు పిసరంత కూడా లేకుండా గీకేసేది. కొవ్వుంటే నెల తిరక్కుండానే ముక్కిపోతుందని ఆమె భయం. మాంసాన్ని నార వెంబడి జానెడు పొడుగు, వేలంత సన్నం కోసి, ఉప్పు, పసుపు, కారం, దంచిన తెల్లగడ్డలు పట్టించి ఒక పూట ఊరబెట్టేది. ఈగ వాలకుండా పలచటి పంచె కప్పి రెండు రోజులు ఎండలో పెట్టేది. తర్వాత పొయ్యికి మనిషెత్తున కట్టిన తీగ మీద వేలాడదీసి, వారం పది రోజులు పొగ పట్టించేది. దానికి తుమ్మ మొద్దులో చింత మొద్దులో కావాలి. వేప కట్టె పెడితే కండ చేదెక్కుతుంది. గన్నేరు పుల్లయితే విషం, దాన్ని ఆ చాయలకే రానిచ్చేది కాదు.

"మంట కనపడిందంటే కండ చెడినట్టేమే. పొగ ఒకటే తగలాల" అని నాకు వందసార్లు చెప్పి ఉంటుంది. మంట సోకితే పైన పెచ్చు కట్టేస్తుంది, లోపలి తడి లోపలే ఉండిపోతుంది. ఆఖర్న ఒక ముక్క విరిచి, విరిగిన చోట వాసన చూసి "అయింది" అనేది. తిని చూసే మనిషి కాదు కదా, ఆమెకు ముక్కే ఆధారం. ఆ మాట వచ్చాకే మా అమ్మ బుజ్జమ్మ కండను కుండకెత్తేది.

మా అమ్మ చెడ్డ మనిషి కాదు గానీ కోపమొస్తే నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఒకసారి ఏదో గొడవలో "కండ చేసేదానికి తప్ప ఈ ఇంట్లో నీతో ఏం పనుండాది?" అనేసింది. సాయంత్రానికి తనే మరిచిపోయింది. పెద్దమ్మ మరవలేదు. చాలా రోజుల తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని "కండ బాగున్నన్నాళ్లే నాకీ ఇంట్లో మెతుకు నీలా" అంది. నేను నవ్వేశాను. పన్నెండేళ్ల బుర్రకు అంతకంటే ఏం తెలుస్తుంది!

యాభైతొమ్మిదిలో నాకు రెండో కాన్పు. ధర్మవరంలో అత్తగారింట్లోనే పురుడు పోశారు. హస్త కార్తె, వారం నుంచి ఒకటే జడి. పదకొండో రోజున పెద్దమ్మ పెనుకొండలో ఒక్కతే రైలెక్కి, తడిసిన చీరతో, చంకలో కుండతో దిగింది.

"బాలింత పత్తెంలోకి కండ నా చేతిదే ఉండాల" అంటూ కుండను మా అత్త ముందు పెట్టింది.

మా అత్త మూత తీసి మొహం తిప్పుకుంది. "ఏమిది వదినా, ఇట్ల కంపు కొడతాండాది? పచ్చి బాలింతకు దీన్నా పెట్టేది?"

పెద్దమ్మ మొహం నల్లబడిపోయింది. "ముప్పై ఏండ్ల నుంచి చేస్తాండా. నా కండను ఇంతవరకూ ఎవురూ ఈ మాట అనలేదు" అని నా వైపు తిరిగింది. "నీలా, నువ్వు చెప్పు."

నాకు మంచం మీదికే కొట్టింది ఆ కంపు. మా అత్త చెప్పింది నిజం, అసలు నా కోపమంతా అందుకే. ఆమె ముందు మా పెద్దమ్మను చిన్నబుచ్చడానికి నాకు మనసు రాలేదు.

"బాగానే ఉండాది పెద్దమ్మా" అన్నాను.

"బాగుంటే నువ్వే తిని చూపించు వదినా" అంది మా అత్త.

పెద్దమ్మ రెండు ముక్కలు తీసి నిప్పుల మీద వేసింది. అటూ ఇటూ తిప్పి, రాతి మీద నలగ్గొట్టి, నోట్లో వేసుకుంది. ఇరవై ఏళ్లకు పైగా మాంసం ముట్టని మనిషి! నమిలి నమిలి మింగి, ఇంకోటి తీసుకుంది. నేను వద్దనలేదు. వద్దంటే నా మాట అబద్ధమైపోతుంది మరి. తూ, నా బతుకు చెడ!

దీపాలు పెట్టే వేళకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. డాక్టరు వచ్చి సూది వేసి, తెల్లారేదాకా గడవాలన్నాడు. నేను పసిబిడ్డను పక్కన పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. మా అత్తే పాపం, మొహం చిట్లించకుండా అన్నీ ఎత్తిపోసింది.

మరునాడు పొద్దున పెద్దమ్మ కళ్లు తెరిచింది. గొంతు లేదు. "నాకు రెండేండ్లుగా వాసన తెలీదే నీలా. అప్పుడొచ్చిన విషజ్వరంతో పాటే పాయ. పొగా తెలీదు, పూలూ తెలీదు. చెప్తే ఇంట్లోంచి పొమ్మంటారేమోనని..."

"మరి ఈ జడిలో ఎట్ల ఎండబెట్టినావు?"

"మంట పెట్టినా" అని మొహం గోడకు తిప్పుకుంది.

మూడో రోజు మా అమ్మా నాయనా వచ్చారు. నేను ఆగలేక మంచం పక్కనే అంతా చెప్పేసి, పెద్దమ్మను ఇంట్లోంచి పంపొద్దని నాయన చేతులు పట్టుకున్నాను.

మా అమ్మ బావురుమంది. "ఎవురు పంపుతామంటిరే? ముక్కు పోయిన సంగతి మాకు తెలీదా? చెడిపోయినప్పుడల్లా నేనే పారేసి, బాగుండాదక్కా, అందరూ తినిరి అని చెప్తానే ఉన్నా. ఈ తూరి నేను చేన్లో ఉంటే ఆయమ్మ కుండెత్తుకుని వచ్చేసె."

నాకు ప్రాణం లేచొచ్చింది. చూశావా పెద్దమ్మా, ఊరికే భయపడ్డావు అనబోయాను. ఆమె మోచేతి మీద లేచి కూర్చుంది.

"యాడ పారేసినావు?"

"కుక్కలకేస్తి అక్కా."

"తినినాయా?"

నాయనే చెప్పాడు. "లేదు వదినా. వాసన చూసి పోయినాయి."

"కుక్కలే మేలు గదప్పా. ఉండేది ఉన్నట్ల చెప్పినాయి" అంది పెద్దమ్మ. "మీరు రెండేండ్లు నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడిస్తిరి." తర్వాత నన్ను చూసింది. "నువ్వు గూడా."

నేను తలెత్తలేకపోయాను. మేమంతా ఆమె మీద ప్రేమతోనే అబద్ధమాడాం, ఆ అబద్ధమే ఆమె చేత ఆ ముక్క తినిపించింది. కాదని ఎవరన్నా నేనొప్పుకోను.

పెద్దమ్మ కొంచెం తేరుకున్నాక ముగ్గురూ రైలెక్కారు. తర్వాత జరిగింది నాయన చెప్పిందే. పెనుకొండలో అమ్మా నాయనా దిగారు. పెద్దమ్మ కిటికీ పక్కనుంచి కదల్లేదు.

"వదినా, దిగు, బండి కదుల్తాది!"

"నేను దిగను. హిందూపురం పోతా. ఆడ నా తమ్ముడుండాడు."

ఆ తమ్ముడు ఆమె మొహం చూసి పదిహేనేళ్లయింది. చేతిలో టికెట్టు పెనుకొండ దాకే ఉంది. నాయన కిటికీ చువ్వలు పట్టుకుని బతిమాలాడు. "నిన్ను ఎవురేమన్నారు వదినా? ఆడికి పోయి ఏం చేస్తావు?"

"ఏమో నరసప్పా" అందట పెద్దమ్మ. "ఆడ నేను కండ చేస్తానని ఎవురికీ తెలీదు."