పక్కవీధి నెమలి అంచు

ఆ ఉదయం కంప్యూటరు వేస్తే, నాయన గీసిన చీర అంచుల్లో ఒక్కటీ తెరుచుకోలేదు. ప్రతి ఫైలు పేరు చివరా ఏవో పిచ్చి అక్షరాలు. తెర మీద ఇంగ్లీషులో బెదిరింపు: డబ్బు కడితేనే తాళం తీస్తాం, మూడు రోజులే గడువు. కింద కృతజ్ఞతలు కూడా చెప్పాడు, వెధవ.

ధర్మవరంలోని మా ఇంట్లో మగ్గం మీదికి ఏ చీర ఎక్కాలన్నా ముందు దాని అంచు ఆ కంప్యూటరులో ఉండాలి. నాయన ముప్పై ఏళ్లపాటు గళ్ల కాగితాల మీద గీసినవన్నీ స్కాన్ చేసి అందులోకి ఎక్కించింది నేనే. చెదలు పడుతున్నాయని ఆ కాగితాలను పాత సామాన్ల వాడికి వేసేసిందీ నేనే. ఇప్పుడు నాయన చెయ్యి వణుకుతుంది, మళ్లీ గీయలేడు. ఇంకో కాపీ ఉన్న పెన్‌డ్రైవును ఎప్పుడూ కంప్యూటరుకే గుచ్చి ఉంచేదాన్ని. అదీ పోయింది.

దొంగ ఎక్కడివాడో తెలియదు కానీ ఎలా వచ్చాడో నాకు తెలుసు. ముందురోజు తెలియని నంబరు నుంచి ఒక ఫైలు వచ్చింది, ‘ఇప్పుడు బాగా పోతున్న అంచులు’ అని. పక్కవీధిలో చీరలు నేయించే ఆయన, వరస కలిపి మామా అంటాం, ఆయన నెమలి అంచు ఆ పెళ్లిళ్ల కాలంలో తెగ అమ్ముడుపోతోంది. అది కూడా అందులో ఉంటుందని నా ఆశ. మా ఊళ్లో ఒకరి అంచు ఒకరు ఎత్తేయడాన్ని ఎవరూ దొంగతనం అనరు. వైరస్ ఉందని కంప్యూటరు మొత్తుకుంది. దాని నోరు మూయించి ఫైలు తెరిచాను. మేం వాడే డిజైన్ సాఫ్ట్‌వేరే దొంగది, దాన్ని చూసి రోజూ అలాగే మొత్తుకుంటుంది కాబట్టి అలవాటైపోయింది. వాడేమీ గోడ దూకి రాలేదు. నా కక్కుర్తి ఎలాంటిదో తెలిసి, దానికి సరిపడా ఎర వేశాడు. వాడంటే ఎంత అసహ్యమో, నేనన్నా నాకు అంతే అసహ్యం వేసింది.

నాయనకు ఫైళ్లు పోయాయని మాత్రమే చెప్పాను.

"పోనీలేమ్మా, దొంగనాయాళ్లు యాడ లేరు?" అని మగ్గం పక్కనే కూలబడ్డాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

సంగతి తెలిసి మర్నాడు పక్కవీధి మామ పెన్‌డ్రైవు పట్టుకొని వచ్చాడు.

"మీ నాయన అంచులు నలభై దాకా మాకాడ ఉండాయి. ఎప్పుడో ఎత్తుకొనింటిలే. తీసుకోమ్మా" అన్నాడు, సిగ్గన్నది లేకుండా. నాయన ఆయన చెయ్యి పట్టుకొని వదల్లేదు.

"ఇంతకీ ఏం తెరిస్తే పోయినాయమ్మా?" అని అడిగాడు మామ.

"ఏదో ఫైలు మామా" అన్నాను.