ఇరవై నాలుగు పళ్ళ బ్లేడు

రంపం బ్లేడు పలక మధ్యలో ఇరుక్కుపోయింది. మోటారు ఒకసారి మూలిగి ఆగింది. కాలిన ప్లాస్టిక్ వాసన బాల్కనీ నిండా పరుచుకుంది. వడ్రంగి స్విచ్ తీసి మిషన్‌ను అటూ ఇటూ కదిపి లాగాడు. బ్లేడు ఊడి వచ్చింది గాని, పలక జానెడు మేర చీలింది. వంగి చూస్తే, అంతవరకూ కోసిన గాడి కోసినచోటే కరిగి మళ్ళీ అతుక్కుని ఉంది.

అవి చెక్కలా కనిపించే ప్లాస్టిక్ పలకలు. ఎండకీ వానకీ చెడవని బాల్కనీల్లో, డాబాల మీద పరుస్తుంటారు. గురుగ్రామ్‌లో ఎవరి ఇంటి పనిలోనో మిగిలినవి తొమ్మిది దొరికాయి. మాకు కావలసినవీ తొమ్మిదే. ఆ రంగు మళ్ళీ రాదని అమ్మినవాడు ముందే చెప్పాడు.

మాది మునిర్కాలో మూడో అంతస్తు ఫ్లాటు. గది కంటే బాల్కనీ నాలుగు అంగుళాలు పల్లం. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోని ఆ నాలుగు అంగుళాలు, నా భార్య మోకాలి ఆపరేషన్ తర్వాత ఇంట్లో పెద్ద విషయం అయ్యాయి. జనవరిలో మా బాల్కనీకి రోజుకు రెండు గంటలే ఎండ. ఆమె తలుపుకు ఇవతల కుర్చీ వేసుకుని దాన్ని చూస్తూ ఉండేది. చెయ్యి పట్టుకుని దించుతానంటే ఒప్పుకోలేదు.

"ఎండలో కూర్చోడానికి ఎస్కార్టు ఎందుకండీ, నేనేమన్నా మంత్రినా?" అంది.

అల్యూమినియం చట్రం వేసి పైన ఈ పలకలు పరిస్తే బాల్కనీ గది మట్టానికి వస్తుంది. కాలు ఎత్తి దించే పని ఉండదు. చీలిన పలకను రెయిలింగు పక్కన, పూలకుండీల కింద దాచవచ్చు. రెండోది పాడైతే మాత్రం ఎక్కడో ఒకచోట అడుగు పట్టేంత సందు మిగులుతుంది.

"బ్లేడు మొద్దుబారింది, అంకుల్‌జీ. అరవై పళ్ళది కొత్తది తెండి. ఎనభై పళ్ళది దొరికితే ఇంకా మంచిది" అన్నాడు వడ్రంగి.

ప్లైవుడ్ మీద అతికించిన సన్‌మైకా అంచు చిట్లకుండా కోయాలంటే పళ్ళు ఎంత ఎక్కువుంటే అంత నునుపు. ఇరవై ఏళ్ళుగా అతని పని అదే. నేనూ నమ్మాను. కాకపోతే పత్రికలో వార్తలు దిద్దే ఉద్యోగంలో అబ్బిన అలవాటొకటుంది, ఒకరు చెప్పిందాన్ని రెండోవారిని అడగకుండా వదలను. ఎవరిని అడగాలా అనుకుంటూ చెప్పులు వేసుకుంటుంటే కుర్చీలోంచి పిలుపు వచ్చింది.

"ఏవండీ, ఆ పొట్టు కాస్త ఇలా పట్రండి."

పొట్టు అనడానికి లేదు. సాగి, ముద్దకట్టిన ప్లాస్టిక్ తీగలు. ఆమె వాటిని వేళ్ళ మధ్య నలిపింది. రిటైరయ్యేదాకా ఆమె ఆసుపత్రిలో ఎముకల వార్డు నర్సు. పిండికట్లు విప్పే చిన్న కరెంటు రంపం ఎన్నిసార్లు పట్టిందో లెక్కలేదు.

"ఇది కొయ్యలేదండీ, రాసుకుంది. ఆ రంపం ఒకేచోట ఆనించి ఉంచితే కట్టు కింద చర్మం కాలిపోయేది. ప్లాస్టిక్ కట్లు వచ్చాక మరీనూ. ఒకాయనైతే 'సిస్టర్, జల్ రహా హై' అని మంచం మీద లేచి కూర్చున్నాడు."

తర్వాత వడ్రంగికి హిందీలో చెప్పింది. "పళ్ళు తక్కువున్నది పెట్టు, భయ్యా. నిమురుతూ కూర్చోకు, ఆపకుండా తొయ్యి."

అతను నవ్వాడు. "ఆంటీజీ, అది దూలాలు చీల్చే బ్లేడు. అంచు కుక్క కొరికినట్టు వస్తుంది."

"రానీ. గోడ వైపు అంచు చూడ్డానికి ఎవరొస్తారు, మీ అత్తగారా?"

మునిర్కా సందులోని హార్డ్‌వేర్ కొట్టాయన అరవై, నలభై, ఇరవై నాలుగు పళ్ళ బ్లేడ్లు మూడూ కౌంటరు మీద పరిచాడు. ప్లాస్టిక్‌కు ఏది అని అడిగితే, "ఏదైనా నడుస్తుంది, అంకుల్" అన్నాడు. ఉద్యోగంలో ఇలాంటి వాక్యాలు చాలా కొట్టేశాను. మూడోదాని పళ్ళ మధ్య చిటికెన వేలు దూరేంత ఖాళీ ఉంది. కోసిన ముక్క బయట పడడానికి, దానితో వేడి పోవడానికి ఆ చోటు అవసరమే అనిపించింది. అదే తెచ్చాను.

ముందు చీలిన పలక చివరను కోశాడు. కోరిన కొబ్బరిలా పొట్టు రాలింది. వడ్రంగి కోతను తాకి చూసి, "ఠండా హై" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. మిగిలిన ఎనిమిదీ ఒక్కటీ చెడకుండా తెగాయి. అంచులు గరుగ్గానే వచ్చాయి. అతను చెప్పిందీ అబద్ధం కాదు.

మర్నాడు ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి వెళ్ళి ఎండలో కూర్చుంది. పేపరు అడిగింది, తెచ్చి ఇచ్చాను.

పలకలు బిగించేటప్పుడు చూస్తే, వాటితో వచ్చిన కాగితంలో, ఇవి వేడికి సాగుతాయి కనుక గోడకూ వీటికీ మధ్య రెండు చివర్లా ఖాళీ వదలాలని ఉంది. ఎంత వదలాలో రాసిన మూల చిరిగిపోయింది. సందు కనిపిస్తే తన పనికి చెడ్డపేరని వడ్రంగి, ఉండాల్సిందేనని నా భార్య. చివరకు పెన్సిలు వదులుగా పట్టేంత దగ్గర రాజీ కుదిరింది.

ఇప్పుడు ఏప్రిల్ మొదటి వారం. పెన్సిలు గోడకు రాసుకుంటూ దూరుతోంది. చివర్లు గోడకు ఆనితే పలకలు మధ్యలో, సరిగ్గా తలుపు ముందు, పైకి లేస్తాయని వడ్రంగి ఫోనులో ఒప్పుకున్నాడు. మే నెల ఇంకా రాలేదు.