ఒతోకార్ విమానానికి తేలికైన ఒళ్లు

మా హనా మైదానంలోని మోడల్ విమానాల క్లబ్బుకు ఒక మర్యాద ఉంది. ఎవరి విమానమైనా వరుసగా మూడు వసంతాలు నేల వదలకపోతే, ఆ మనిషి చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చి బల్ల దగ్గర కూర్చోబెడతారు. గౌరవ పదవి అంటారు దాన్ని. అది దక్కినవాడు మళ్లీ ఎగరేసిన దాఖలా లేదు. రిటైరైన ట్రాక్టర్ మెకానిక్ ఒతోకార్‌కు రెండు వసంతాలు అప్పటికే వృథా అయ్యాయి.

రెండుసార్లూ తప్పు విమానం ఒంటిదే. బ్యాటరీని, మోటారును మోయాల్సిన విమానానికి ఒళ్లు తేలిగ్గా ఉండాలి. మొదటిసారి గట్టిగా ఉంటుందని ప్లైవుడ్ వాడాడు. అది పచ్చిక దున్నుకుంటూ పోయింది. రెండోసారి ఆధునికం కదా అని ఫైబర్ గ్లాస్. జిగురు ఎంత ధారాళంగా పోశాడంటే, చెరువులో వదిలితే పడవగా పనికొచ్చేది.

నిజానికి అతని పరుపు కింద బాల్సా పలకలున్నాయి, మోడల్ విమానాలకు వాడే తేలికైన కర్ర. కమ్యూనిస్టుల కాలంలో క్లబ్బు పంచినవి. మంచి మోడల్ చేసేటప్పుడు వాడదామని దాచాడు. మా తరంలో అందరి పరుపుల కిందా అవే. ఏ మోడలూ వాటికి తగినంత మంచిది కాదు మరి.

మూడో ఏడు గుండె రాయి చేసుకుని బయటికి తీశాడు. వంటింటి తూకం మీద పెట్టాడు.

"పిండి తూచేదాని మీద ఆ చెత్తేంటయ్యా?" అంది భార్య లిబూషె.

"చెత్త కాదే, బాల్సా."

"ఇన్నేళ్లు దాని మీద పడుకున్నదాన్ని, నాకు చెప్తావా?"

ఒతోకార్ తూకం ముల్లు చూశాడు. దాదాపు ప్లైవుడ్ అంత బరువు. బాల్సా అంతా ఒకలా ఉండదు. మెత్తని తేలిక పలకలు ఆ రోజుల్లోనే పార్టీ పెద్దల బంధువులకు వెళ్లిపోయాయి. మిగిలిన మొద్దుల్ని మావాళ్లు ఇన్నాళ్లూ పూజించారు.

ఇక మిగిలింది, చెక్క ఫ్లోరింగ్ కింద పరిచే ఫోమ్, అదే నురుగు షీటు. ఆ మాట క్లబ్బు అధ్యక్షుడు జ్బినెక్ చెవిన వేశాడు.

"నురుగా? మాంసం కొట్టులో ఇచ్చే నురుగు ట్రేకి మోటారు పెడతావట్రా? దానికంటే బుద్ధిగా స్టాప్‌వాచ్ పట్టుకోరా, పరువైనా మిగుల్తుంది."

ఒతోకార్ ఇంటికెళ్లి నురుగు షీటే కోశాడు. పైన పల్చటి కాగితం అంటించి, సన్న కుంచెతో కర్ర చారలు గీశాడు. గీతకు గీత పోలిక లేకుండా, చెట్టు గీసుకున్నట్టే. ఇంత నేర్పు మొదటి రెండు విమానాల మీద చూపించి ఉంటే వేరే సంగతి. రంగు ఆరేదాకా పట్టుకోమని పిలిచాడు కాబట్టి ఈ గుట్టు నాకు తెలుసు.

మే నెలలో అది చప్పుడు లేకుండా లేచింది. పోప్లార్ చెట్లు దాటి, చుట్టు తిరిగి, పచ్చిక మీద మెత్తగా వాలింది. జ్బినెక్ బీరు పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు.

"చూశారా? కర్రకుండే ప్రాణం వేరు. ఏరా, పాత పలకలేనా?"

"మరి?" అన్నాడు ఒతోకార్, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా విమానాన్ని చంకలో పెట్టుకుంటూ.

మంచి బాల్సా ఎలా ఎంచుకోవాలో వచ్చే నెల క్లబ్బులో కొత్తవాళ్లకు అతను ఉపన్యాసం ఇవ్వాలని అక్కడికక్కడే తీర్మానించారు. ఒప్పుకున్నాడు.