మైసమ్మ మూల, రబ్బరు కప్ప

సరదాకు గాలం వేసేవాడు ఎర ఎక్కడ తవ్వుకోవాలి, ఏ చేపను ఇంటికి తేవాలి, దేన్ని నీళ్లలో వదలాలి అని అడిగితే మన దగ్గర రెండే జవాబులు వస్తాయి. ఒకటి "ఎవడు చూస్తడు". రెండోది "అమ్మవారికి కోపం వస్తుంది". మూడో జవాబు కారణం చెప్పడం. దాని కోసం ఎవరికీ తీరిక ఉండదు.

జులైలో ఒక ఉదయం గద్వాల నుంచి నరసింహులు ఫోన్ చేశాడు. చీరలు నేస్తాడు, మగ్గం ఆగిన రోజు గాలం పట్టుకుంటాడు. మా స్నేహం అలా చెరువు గట్ల మీద కుదిరిందే.

"సారూ, బిడ్డకు రెండో కాన్పయింది. నాగర్‌కర్నూల్ల అత్తగారింట్ల ఉన్నది. ఆపరేషన్ చేసిండ్రు. కొర్రమీను తెస్తనని మా వియ్యపురాలికి మాటిచ్చిన. వస్తవా?"

కొర్రమీను తింటే కోత తొందరగా మానుతుందని మా వైపు గట్టి నమ్మకం. ఏ చేపైనా బలమే అని చెప్పబోయి, ముఖాముఖి చెబుదామని ఊరుకున్నాను. మరునాడు కాచిగూడలో రైలెక్కాను. నరసింహులుకు బహుమతిగా, ఎరకు బదులు గాలానికి కట్టే రబ్బరు కప్ప ఒకటి కొన్నాను. వానాకాలం కప్పలు గుడ్లు పెట్టే కాలం. బతికున్న కప్పను గాలానికి గుచ్చే అలవాటు మానిపించాలని నా ఆశ.

మహబూబ్‌నగర్ దాటాక ఎదుటి సీటులోని పల్లీల వ్యాపారి నా పొడుగు సంచి వైపు చూశాడు.

"క్రికెట్‌దా సారూ?"

"గాలం కర్ర."

"గంతేనా. చెరువులు సర్కారువే కద, ఎవర్నీ అడిగేది లేదు."

చెరువు సర్కారుదే కావచ్చు, అందులో చేపపిల్లను వదిలి పెంచేది ఊరి మత్స్యకారుల సంఘం అన్నాను. మీ చేనుగట్టు మీది నుంచి ఎవరైనా పల్లీలు పీక్కుపోతే ఊరుకుంటారా అని అడిగాను. ఆయన నవ్వి, గుప్పెడు ఉడికిన పల్లీలు నా చేతిలో పోశాడు. కృష్ణ వంతెన వచ్చేదాకా మళ్లీ గాలం ఊసెత్తలేదు.

ఆ రాత్రి నరసింహులు ఇంట్లో జొన్నరొట్టె తిని పడుకున్నాం. తెల్లవారాక మొదటి బస్సులో వనపర్తి, అక్కడ ఇడ్లీ తిని ఇంకో బస్సులో వీపనగండ్ల. అక్కడి నుంచి షేర్ ఆటో మమ్మల్ని ఒక ఊరి చెరువు దగ్గర దింపింది. సంఘం వాళ్లకు నరసింహులు ముందే చెప్పి ఉంచాడు. కట్ట మీద వల బాగుచేసుకుంటున్న చెన్నమ్మ మమ్మల్ని చూసి లేచింది. ఆమె భర్త సంఘంలో సభ్యుడు, పట్టిన చేపను సంతలో అమ్మేది ఆమె.

నరసింహులు వానపాముల కోసం కట్ట పక్కనే గడ్డపార దించబోయాడు.

"ఓ అన్నా, కట్ట తవ్వుతవా? రేపు వానకు తెగితే మీ గద్వాల చీరలడ్డం పెడుతవా?" అని చెన్నమ్మ అరిచింది.

ఆమె చూపించిన పెంటకుప్ప దగ్గర, దాని యజమానిని అడిగి, చిన్న డబ్బాకు సరిపడా తీసుకున్నాం. తవ్విన గుంత మళ్లీ పూడ్చాం. ఎర తవ్వే నియమం ఇంతే. అడిగి తవ్వు, కావలసినంతే తియ్యి, కట్టను ముట్టకు.

అంతలో నరసింహులు కేక పెట్టాడు. చెరువు మూల జమ్ము పక్కన నీటి మీద ఎర్రటి మచ్చ ఒకటి కదులుతోంది. కొర్రమీను పిల్లల గుంపు అది. పిల్లలున్న చోటే, కింద, కాపలాగా పెద్ద చేప ఉంటుంది. గుంపు మీద కప్ప పడితే పిల్లల్ని తినడానికి వచ్చిందనుకుని అది ఎగిరి కరుస్తుంది. ఆకలి లేకపోయినా కరుస్తుంది. వేటగాళ్లందరికీ తెలిసిన తేలిక ఉపాయం. నరసింహులు అప్పటికే నేనిచ్చిన రబ్బరు కప్పను దారానికి కట్టేశాడు.

"ఆడ వెయ్యొద్దు, అది మైసమ్మ మూల. ఈ నెలల గాలమేస్తే ఇంటికి అరిష్టం" అంది చెన్నమ్మ.

నేను ఊరుకోలేదు. "మైసమ్మ లేదు, అరిష్టం లేదు. చెరువులో చేపలున్నాయి, అంతే. ఎందుకమ్మా ఈ భయం పెట్టడం?" అన్నాను.

నరసింహులు ముఖం వెలిగింది. "ఇన్నవా అక్కా? సారే చెప్పిండు, ఏం కాదని." కర్ర వెనక్కి ఎత్తాడు.

చెన్నమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నా వైపు తిరిగింది. "మైసమ్మ లేదంటివి కద సారూ. ఇగ నీ దోస్తును నువ్వే ఆపు. నేను చూస్త."

"నరసింహులూ, ఆగు" అన్నాను. పెద్ద చేప పోతే ఈ గుంపు సాయంత్రానికి మిగలదని, మిగతా చేపలు తినేస్తాయని, వచ్చే ఏడు ఇక్కడ కొర్రమీను ఉండదని చెప్పాను.

"ఒక్కటే సారూ. ఒక్కదానితోని చెరువు ఖాళీ అయితదా?"

"నీలాగే అందరూ ఒక్కటే అంటారు."

"నా బిడ్డ దవాఖానకెళ్లి మొన్ననే ఇంటికొచ్చింది. నీకేం తెల్సు నా పరేషాన్?"

నీ బిడ్డలాగే అదీ పిల్లల తల్లే కదా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే అతను అక్కడే లొంగిపోయేవాడు. అనలేదు. అదీ మైసమ్మలాంటిదే, మనిషిని ఆలోచించనివ్వకుండా వంచే మాట. డాక్టరమ్మ ఏం తినమంది అని అడిగాను. గుడ్లు, పప్పు, ఏదన్న చేప అన్నాడు. కొర్రమీనే అందా? అనలేదు. మరి ఎవరన్నారు? మా వియ్యపురాలు. ఆమె మాట నిలబెట్టడానికి వచ్చే ఏటి చేపను ఇప్పుడే చంపుతావా? ఇలా చాలాసేపు సాగింది. ఎండ నెత్తికెక్కింది. చెన్నమ్మ వల పక్కన పెట్టి, సంత జగడం చూసినట్టు కూర్చుని చూసింది.

చివరికి నరసింహులు దారం చుట్టేశాడు. కర్ర భుజాన వేసుకుని తూము వైపు నడిచాడు.

అక్కడ వానపాములతో కూర్చున్నాం. జానెడు లేని రవ్వ చేపలు పడితే తడిచేత్తో పట్టి, గాలం తీసి వదిలేశాం. మధ్యాహ్నం దాటాక రెండు మంచి రవ్వలు చిక్కాయి. చాలు, కర్రలు కట్టేద్దాం అంటే నరసింహులు తలూపాడు. చెన్నమ్మకు చేపలు చూపించి, వెంట తెచ్చుకున్న మంచుపెట్టెలో సర్దుకుని కొల్లాపూర్ మీదుగా నాగర్‌కర్నూల్ బస్సెక్కాం.

వియ్యపురాలు గుమ్మంలోనే పెట్టె మూత తీసింది. "ఏందన్నా, కొర్రమీను తెస్తనంటివి?"

నరసింహులు తడుముకోలేదు. "మైసమ్మ వద్దన్నది చెల్లే."

ఆమె వెంటనే రెండు చేతులూ జోడించింది. "అట్లనా? ఇగ రవ్వనే వండుత" అని చేపలు తీసుకుని లోపలికి పోయింది. నేను నోరు తెరిచాను. నరసింహులు నా కాలు తొక్కాడు. లోపలి నుంచి పసిబిడ్డ ఏడుపు, పులుసుకు చింతపండు నానబెట్టమని ఎవరో చెప్పడం వినిపించాయి.

బస్టాండులో హైదరాబాద్ బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగేశాను. "అంతసేపు వాదించింది ఇందుకా?"

"చెరువు కాడ నీకు సగం పొద్దు పట్టె సారూ. మా వియ్యపురాలికి ఒక్క మాట సరిపాయె. నీ లెక్క ఆమెతోని మొదలువెడితే చేపలు మురుగుతుండె."

బస్సొచ్చింది. మెట్టెక్కుతుంటే జేబులోంచి రబ్బరు కప్ప తీసి నా చేతిలో పెట్టాడు.

"పిల్లలు పెద్దగయి చెదిరినంక ఇద్దరం పోదాం. అప్పటిదాక ఇది నీ తానే ఉండనీ. నా చేతుల ఉంటే మైసమ్మ గూడ ఆపదు నన్ను."

కిటికీ పక్క సీటు దొరికింది. ఆ వైపు వెళ్లే గాలం మిత్రులకు నేను చెప్పేది ఇదే. సంఘాన్ని అడగండి. కట్ట తవ్వకండి. చిన్నదాన్ని వదలండి, పిల్లలున్నదాన్ని ముట్టకండి. ఎందుకని ఎవరైనా అడిగితే, సగం పొద్దు పట్టినా సరే, కారణమే చెప్పండి.

రబ్బరు కప్ప ఇంకా నీళ్లు చూడనే లేదు. రుమాలులో చుట్టి సంచి అడుగున పెట్టాను.